తేదీ నిలవని మాసపత్రిక: ఒక కేస్ స్టడీ

చిన్న పత్రికలకు ముద్రణ, నిర్వహణ వ్యవహారాల్లో సలహాలివ్వడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది ఒక ఊరి మాసపత్రిక సంగతి. ఎవరిదో పోల్చుకోగల వివరాలన్నీ తీసేశాను. ఈ కేసునే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. నా దగ్గరికి వచ్చే స్థానిక పత్రికల్లో చాలావాటి మొదటి మాట ‘ప్రకటనలు చాలడం లేదు’ అనే. ఈ పత్రికవాళ్లూ ఆ మాటే అన్నారు. పద్దులు తీసి చూస్తే ప్రకటనలు కావలసినన్ని ఉన్నాయి. అయినా వచ్చే సంచికకు కాగితం కొనే డబ్బు లేదు.

నేపథ్యం

పత్రిక మొదలై మూడో ఏడు నడుస్తోంది. ఉచిత పంపిణీ. ఏ4 సైజు, లోపల 32 పేజీలు, పైన కాస్త మందమైన అట్ట, మధ్యలో పిన్నులు. మొదట్లో నెలకు 4,000 కాపీలు. సంపాదకురాలు ఉపాధ్యాయ వృత్తి వదిలి వచ్చిన మనిషి. ఊరి పాత భవనాల మీద, నీటి సరఫరా మీద, చిన్న కళాకారుల మీద ఆమె రాయించే వ్యాసాలు నిజంగా బాగుంటాయి. ఆమె భాగస్వామి ప్రకటనలు చూసుకుంటారు. జీతం తీసుకునే విలేఖరి ఒకరు, సాయంత్రాలు వచ్చి పేజీలు కట్టే కుర్రవాడొకడు. మిగతా రాతంతా ఊరివాళ్లదే. వాళ్లకు పారితోషికం లేదు.

ఇలాంటి పత్రిక ఖర్చులో ఎక్కువ భాగం ముద్రణదే. ఆఫ్‌సెట్ ముద్రణలో మొదటి కాపీ చాలా ఖరీదు. ప్లేట్లు, అంటే అచ్చు పడే రేకులు, తీయాలి, నాలుగు రంగులూ ఒకదానిమీద ఒకటి సరిగా పడేదాకా కాగితాలు వృథా చేయాలి. ఈ ఖర్చు 500 కాపీలు వేసినా 5,000 వేసినా దాదాపు ఒకటే. ఆ తర్వాత ప్రతి కాపీకీ పడేది కాగితం, సిరా, బైండింగు ఖర్చే. అందుకే చిన్న పత్రికలవాళ్లు ‘మరో వెయ్యి వేసేద్దాం, పెద్ద తేడా ఉండదు’ అనుకుంటారు. ప్రెస్సు బిల్లు కాపీలు పెరిగినంతగా పెరగదన్న మాట నిజమే. కానీ ఆ వెయ్యి కాపీలను ఎవరు మోస్తారు, ఎక్కడ పెడతారు, ఎవరు చదువుతారు అన్నది ఆ బిల్లులో కనిపించదు.

వాళ్లు చెప్పిన సమస్య, పద్దుల్లో దొరికిన సమస్య

ప్రకటనలు సగటున 14 పేజీలకు తగ్గడం లేదు. అంటే 32లో నలభై శాతం పైనే. ఉచిత పత్రికకు ఇది మంచి వాటా. టారిఫ్ కార్డులో ఉన్న రేట్ల ప్రకారం లెక్క కడితే సంచిక ఖర్చు పోను కొంత మిగలాలి. మిగలడం లేదంటే ప్రకటన వేసినవాళ్లు డబ్బు ఇవ్వడం లేదన్నమాట. బాకీల పుస్తకం తీస్తే మూడు సంచికల ముద్రణ బిల్లుకు మించి బయటే ఉంది.

‘మా ఊళ్లో అందరూ ఆలస్యంగానే ఇస్తారండీ’ అన్నారు ప్రకటనలు చూసే భాగస్వామి. అలా అనుకుంటే చేయడానికి ఏమీ మిగలదు. అందుకని బాకీల పుస్తకం పక్కన ఇంకో కాగితం పెట్టుకున్నాం. ప్రతి సంచికా నిజంగా ఏ తేదీన బయటికి వచ్చిందో రాయించాను. రావలసింది ఒకటో తేదీ. మొదటి ఏడాది రెండు మూడు తేదీల్లో వచ్చింది. తర్వాత ఆరు, తొమ్మిది, ఒకసారి పదమూడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే సంగతి కళ్లకు కట్టింది. నెల మొదట్లో వచ్చిన సంచికల బిల్లులు ఎక్కువగా ఆ నెలలోనే వసూలయ్యాయి. ఎనిమిదో తేదీ దాటి వచ్చినవాటి బిల్లులు నెలల తరబడి సాగాయి, కొన్ని కోతతో వచ్చాయి, కొన్ని రానేలేదు.

ఒక నాటక బృందానికి పంపిన బిల్లు తిరిగి వచ్చింది. దాని వెనక పెన్సిలుతో రాసి ఉంది: ‘మా ప్రదర్శన 7న. మీ పత్రిక మాకు చేరింది 9న. ఈ బిల్లు ఎవరికి పంపాలో మీరే చెప్పండి.’ ఆ కాగితాన్ని భాగస్వామి మిగతా మొండి బాకీలతో కలిపి క్లిప్పు పెట్టి ఉంచారు. నా దృష్టిలో కేసంతా ఆ మూడు వాక్యాల్లో ఉంది. సంగీత పాఠశాల ప్రవేశాలు, పుస్తక ప్రదర్శన, వైద్య శిబిరం, దుకాణం తగ్గింపు అమ్మకాలు... స్థానిక పత్రికకు వచ్చే ప్రకటనల్లో సగానికి సగం తేదీతో ముడిపడినవే. దేశమంతటా అమ్ముడయ్యే సబ్బు ప్రకటన పదో తేదీన వచ్చినా నష్టం లేదు. కానీ సబ్బుల కంపెనీ ఊరి పత్రికకు ప్రకటన ఇవ్వదు.

మరి సంచిక ఎందుకు ఆలస్యమవుతోంది? సంపాదకురాలి వ్యాసాలు ఎప్పుడూ వేళకే సిద్ధంగా ఉంటాయి. పేజీలు కట్టే కుర్రవాడిని విడిగా అడిగాను. ప్రెస్సుకు ఫైళ్లు పంపాల్సిన రోజున ‘ఇంకో రెండు పేజీల యాడ్ వస్తోంది, ఆగు’ అని చెబుతారట. ప్రకటన వస్తే ఒక వ్యాసం తగ్గించాలి, రాకపోతే ఆ ఖాళీ నింపాలి. ఏదీ తేలకుండా పేజీలు మూసేయడం కుదరదు. చివరికి రాత్రి పదకొండుకు ఎవరో ఫోనులో ఒక లోగో పంపుతారు. అది వెయ్యి పిక్సెళ్ల వెడల్పు కూడా ఉండదు. అచ్చుకు కావలసిన అంగుళానికి 300 చుక్కల లెక్కన అది మూడంగుళాల పైచిలుకు వెడల్పుకే సరిపోతుంది. ఏ4 పేజీ నిండా వేయాలంటే 2,480 కావాలి. మంచి బొమ్మ పంపమని మళ్లీ ఫోన్లు. ఇంకో రోజు పోతుంది.

ఒక రోజు ఆలస్యం ప్రెస్సుకు చేరేసరికి నాలుగు రోజులవుతుంది. చాలామంది ప్రచురణకర్తలు పట్టించుకోని సంగతి ఇది. ప్రెస్సులో యంత్రం ఖాళీగా మనకోసం ఎదురుచూస్తూ ఉండదు. మన వంతు తప్పితే పాఠ్యపుస్తకమో కేలండరో యంత్రం ఎక్కుతుంది. అది దిగేదాకా మనం బయట నిలబడాలి. నెలాఖరున అయితే మరీ కష్టం. ఒకటో తేదీన రావలసిన మాసపత్రికలన్నీ అప్పుడే ప్రెస్సు మీద పడతాయి.

ప్రకటనదారులు కూడా ఇది కనిపెట్టేశారు. ఈ పత్రిక ఆగుతుందని తెలిసినవాడు 25న ఇవ్వాల్సిన ప్రకటన 30న ఇస్తాడు. పత్రిక ఆలస్యమవుతుంది. ఆలస్యమైందని డబ్బు ఆపుతాడు. డబ్బు లేదని భాగస్వామి ఇంకో ప్రకటన కోసం ఆగుతారు. నెలనెలా ఇదే వరస.

అంతకుముందు చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందు వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందుగా ఇద్దరు కమిషన్ ఏజెంట్లను పెట్టుకున్నారు. కమిషన్ వసూలైన డబ్బు మీద కాకుండా బుక్ చేసిన ప్రకటన మీద ఇచ్చారు. ఏజెంట్లకు కావలసింది సంతకం ఒక్కటే. సగం రేటుకు, ‘డబ్బు మెల్లగా ఇవ్వండి’ అనే హామీతో ప్రకటనలు తెచ్చారు. పేజీలు నిండాయి, బాకీలు పెరిగాయి.

తర్వాత కాపీలు 6,000కు పెంచారు. సర్క్యులేషన్ పెరిగితే రేటు పెంచవచ్చని వాళ్ల ఆలోచన. కానీ అచ్చయిన కాపీ వేరు, పాఠకుడి చేతికి అందిన కాపీ వేరు. ప్రకటనదారులకు ఈ తేడా కొత్తది కాదు. ప్రచురణకర్తలు తమ కాపీల లెక్క తామే చెప్పుకుంటుంటే నమ్మలేకనే 1914లో అమెరికాలో ఆ లెక్కలు తనిఖీ చేసే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఏర్పడింది. ఊళ్లో ఆ లెక్క తేలడానికి ఆడిట్ కూడా అక్కర్లేదు. మందుల దుకాణం బల్ల కింద విప్పని కట్ట ఆ దుకాణం యజమానికి రోజూ కనిపిస్తుంది. అతనూ ప్రకటనదారుడే.

మూడోది, వెల పెట్టడం. ఉచితంగా ఇస్తే విలువ ఉండదని ఎవరో చెప్పారట. చిన్న వెలే పెట్టారు. దుకాణదారుడి వాటా పోను, తిరిగి డబ్బు వసూలుకు తిరిగే మనిషి ఖర్చు పోను చేతికి వచ్చింది లేదు. తీసుకెళ్లేవాళ్లు మాత్రం సగానికి పడిపోయారు. 1833లో న్యూయార్క్‌లో ఒక్క సెంటుకే అమ్మిన ‘ద సన్’ దినపత్రిక కూడా ఆ సెంటుతో బతకలేదు, ఆ ధర తెచ్చిపెట్టిన పాఠకులను చూపి తెచ్చుకున్న ప్రకటనలతో బతికింది. తక్కువ వెల పాఠకులను పెంచడానికి పనికొస్తుంది. ఇక్కడ ఉచితం నుంచి వెలకు వెళ్లారు కాబట్టి పని తలకిందులైంది.

పేరు, రూపం మార్చేద్దామన్న ఆలోచన కూడా అప్పటికే బల్ల మీద ఉంది. దీన్ని నేను గట్టిగా వద్దన్నాను. పత్రికకు ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే పత్రికలను గుర్తించడానికి అంతర్జాతీయంగా వాడే సంఖ్య, ఉంది. ఆ ఎనిమిది అంకెల సంఖ్య సంచికకు కాదు, శీర్షికకు ఇస్తారు. పేరు గణనీయంగా మారితే కొత్త సంఖ్య తీసుకోవాలి. గ్రంథాలయాల జాబితాల్లో అది ఇంకో పత్రిక అయిపోతుంది. అదంతా సర్దుకోవచ్చు. కానీ బాకీ ఉన్నవాడికి ‘ఆ పత్రిక మూసేశారు కదా’ అనే అవకాశం మన చేత్తో మనమే ఇచ్చినట్టవుతుంది.

మేం కలిసి చేసిన మొదటి ప్రయత్నం, ఎందుకు నిలవలేదు

బాకీలే సమస్య కాబట్టి ముందే డబ్బు తీసుకుందామని భాగస్వామి పట్టుబట్టారు. ప్రయత్నించాం. ‘సొమ్ము అందాకే ప్రకటన’ అని టారిఫ్ కార్డు మీద అచ్చు వేయించారు. చిన్న దుకాణాలు కొన్ని ఒప్పుకున్నాయి. పెద్ద ప్రకటనదారులు, అంటే ఆసుపత్రి, రెండు విద్యాసంస్థలు, ఒప్పుకోలేదు. వాళ్ల లెక్కల విభాగాలు అచ్చయిన కాపీ బిల్లుకు జత చేస్తే తప్ప చెల్లింపు రాయవు. 14 పేజీల ప్రకటనలు ఆరుకు దిగాయి. రెండు సంచికల తర్వాత ఆ నియమం తీసేశాం.

అది విఫలమైనా దారి తేలింది. ఎప్పుడు వస్తుందో తెలియని పత్రికకు ముందే డబ్బు ఇమ్మంటే ఎవరిస్తారు? అడిగే హక్కు తేదీ నిలబెట్టుకున్నాకే వస్తుంది. అందుకని బాకీల సంగతి పూర్తిగా పక్కన పెట్టి, సంచికను చెప్పిన రోజున తేవడం ఒక్కదాని మీదే పడ్డాం.

పనిచేసినవి

మొదట ప్రెస్సుకు వెళ్లాం. ‘మాకు ఒకటో తేదీకి కావాలి’ అని అడిగే బదులు ‘మీ యంత్రం ఎప్పుడు ఖాళీ?’ అని అడిగాం. ఈ ప్రశ్న యజమానిని మునుపెవరూ అడిగినట్టు లేదు. కాసేపు పాత రిజిస్టరు తిరగేసి, ‘21 నుంచి 23 దాకా పెద్దగా పని ఉండదమ్మా, నెలాఖరు రద్దీ ఇంకా మొదలవదు’ అన్నారు. ప్రతి నెలా 22 మాకు రాసిచ్చారు. ఖాళీ రోజులు కాబట్టి ధర కూడా కొంచెం తగ్గించారు. దానికి ప్రతిగా మేమొక షరతు ఒప్పుకున్నాం: ఫైళ్లు 21 సాయంత్రానికి రాకపోతే ఆ నెల తగ్గింపు ఉండదు, పైగా యంత్రం ఖాళీగా ఉన్న పూటకు చార్జి. సంపాదకురాలికి ఈ షరతు నచ్చలేదు. నాకు మాత్రం ధర తగ్గింపు కంటే ఆ షరతే ముఖ్యం. భాగస్వామి ‘ఇంకో రోజు ఆగు’ అన్నప్పుడల్లా ఆ రోజు వెల ఎంతో బల్ల మీద కనిపించాలి.

సంచిక మీద వేసిన నెల మొదలయ్యే ముందు శనివారానికి ఊళ్లో ఉండాలని తేదీ పెట్టుకున్నాం. అంతవరకూ ఏడో తేదీ నాటకం ప్రకటన తొమ్మిదిన వస్తుండేది. ఇప్పుడు వారం ముందే వస్తుంది.

రెండోది పేజీల సంఖ్య. 32 అన్నది పత్రికవాళ్ల మనసులో శిలాశాసనంలా ఉండిపోయింది. ఎందుకు 32 అని అడిగితే ‘మొదటి నుంచీ అంతే’ అన్నారు. ప్రకటనలు తగ్గిన నెలలో 32 నింపడానికే ఆగుతున్నారు. పిన్నులు కొట్టే పత్రికలో పేజీలు నాలుగు చొప్పున తగ్గించవచ్చు. కానీ ప్రెస్సు లెక్క వేరు. పని ఫారాల్లో నడుస్తుంది. ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చువేసి మడిచే పేజీల కట్ట ఒక ఫారం. 32 అంటే 16 పేజీల ఫారాలు రెండు. 24 అంటే ఒక 16, ఒక 8. 28 వేయాలంటే 16, 8, 4 అని మూడు ముక్కలు. ఆ నాలుగు పేజీలకూ విడిగా ప్లేట్లు, విడిగా యంత్రం సర్దుబాటు, విడిగా మడత. ఖర్చు 32కు దగ్గరదగ్గరగా వస్తుంది. కాబట్టి 28 మరిచిపొమ్మన్నాను. 24 లేదా 32, అంతే. నిర్ణయం ప్రతి నెలా 15న. ఆ సాయంత్రానికి రాతపూర్వకంగా ఖాయమైన ప్రకటనలు 12 పేజీలకు చేరితే 32, లేకపోతే 24. ‘వస్తోంది’, ‘చెప్పారు’, ‘తప్పక ఇస్తారు’ అన్నవి లెక్కలోకి రావు.

పేజీ కొలతలు కూడా బిగించాం. పూర్తి, సగం, పావు, ఎనిమిదో వంతు. ‘మాకు కొంచెం పొడుగ్గా కావాలి’ అన్నవాళ్లకు కుదరదని చెప్పాం. ఇవే కొలతల్లో సంపాదకురాలు ఒక నిల్వ తయారుచేశారు. ఏ నెలలో వేసినా పాతబడని రాతలు: గడియార స్తంభం చరిత్ర, చెప్పులు కుట్టే వృద్ధుడి మాటలు, పక్షుల మీద చిన్న శీర్షిక. సగం పేజీవి కొన్ని, పావు పేజీవి కొన్ని. చివరి నిమిషంలో ఒక ప్రకటన జారిపోతే అదే కొలతలోని రాత అక్కడ పడుతుంది, మిగతా పేజీలు కదలవు. మొదట ఆమె దీన్ని ఒప్పుకోలేదు. ‘నా రచయితలు గుంటలు పూడ్చేవాళ్లా?’ అన్నారు. ఆ కోపం న్యాయమైనదే. అందుకని నిల్వలోకి తీసుకునే ప్రతి రాతకూ, ఇది ఫలానా నెల అని చెప్పలేం, ఆరు నెలల్లోపు వేస్తాం అని ముందే రచయితకు రాసే పద్ధతి పెట్టుకున్నారు. గడువు దగ్గరపడ్డ రాతకు అసలు పేజీల్లోనే చోటిస్తారు.

కొత్త పద్ధతిలో మొదటి సంచిక 24 పేజీలతో వచ్చింది. చేతిలోకి తీసుకుని భాగస్వామి చిన్నబోయారు. ‘పత్రిక చచ్చిపోతోందనుకుంటారు’ అన్నారు. పదహారో తేదీన విద్యాసంస్థ నుంచి ఫోను వచ్చి ఉంది, రంగుల్లో పూర్తి పేజీ. పేజీలు మూసేశామనీ వచ్చే సంచికలో వేస్తామనీ చెప్పడానికి ఆయన గొంతు పెగల్లేదు, సంపాదకురాలే చెప్పారు. అవతలి మనిషి ‘మీ పత్రికకు అంత గిరాకీ ఎప్పుడొచ్చింది?’ అని ఎకసెక్కెంగా అడిగి పెట్టేశారు. పదిహేను రోజులు వాళ్లిద్దరి మధ్య ఇదే గొడవ. తర్వాతి నెల ఆ విద్యాసంస్థ ప్రకటన పదో తేదీకే వచ్చింది, సరైన కొలతలో, అచ్చుకు పనికొచ్చే ఫైలుతో.

మూడోది మధ్య పేజీలు. పిన్నులు కొట్టిన పత్రిక దానంతట అదే మధ్యలో తెరుచుకుంటుంది. అక్కడ అప్పటిదాకా ఖరీదైన ప్రకటన వేసేవారు. దాన్ని తీసేసి, వచ్చే నెలలో ఊళ్లో ఏ రోజు ఏముందో తేదీలవారీగా వేయించాను. గ్రంథాలయం వేళల మార్పు, రక్తదాన శిబిరం, నాటకం, నీళ్లు రాని రోజులు, పిల్లల ఈత తరగతులు. వీటికి డబ్బు తీసుకోలేదు. భాగస్వామి దృష్టిలో రెండు పేజీల ఆదాయం పోయింది. నా లెక్క వేరు. ఈ రెండు పేజీలుంటే పత్రిక నెలంతా ఇంట్లో ఉంటుంది, ఆలస్యంగా వస్తే అవే మొదట వెక్కిరిస్తాయి కాబట్టి సంపాదక బృందం తేదీ విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది. కొన్నాళ్లకు ఒక దంత వైద్యశాలలో పిన్నులు విప్పి ఆ రెండు పేజీలను నోటీసు బోర్డుకు అంటించడం విలేఖరి చూసి ఫొటో తీసుకొచ్చాడు. భాగస్వామి ఇప్పుడు ఆ ఫొటోనే ప్రకటనదారులకు చూపిస్తున్నారు.

పంపిణీ గురించి క్లుప్తంగా. 6,000 నుంచి 3,000కు దించాం. 1995లో స్టాక్‌హోమ్‌లో మొదలైన ‘మెట్రో’ ఉచిత దినపత్రికను మెట్రో రైలు స్టేషన్లలో పెట్టారు. జనం ఎలాగూ రోజూ నడిచే దారి, ఎక్కాక చేతిలో కాసేపు ఖాళీ సమయం. ఊరి పత్రికకూ అదే సూత్రం: మనుషులు కూర్చుని ఎదురుచూసే చోట్లు. వైద్యుల గదులు, క్షౌరశాలలు, బడి గేటు దగ్గర తల్లిదండ్రులు నిలబడే చోటు. కొత్త సంచిక వేసే రోజున పాత కాపీలు ఎన్ని మిగిలాయో ప్రతి చోటా రాసుకోవాలి. మిగిలిన చోట తగ్గించాలి, త్వరగా అయిపోయిన చోట పెంచాలి. ఆ కాగితం నకలు బిల్లుతో పాటు ప్రకటనదారుకు పంపాలి, మిగిలిపోయిన అంకెలతో సహా.

సంచికలు వరుసగా చెప్పిన రోజునే వచ్చాక, అప్పుడు మళ్లీ డబ్బు సంగతి ఎత్తాం. ఈసారి నియమంగా కాదు, ఎంపికగా. ముందే ఇస్తే తక్కువ రేటు, తర్వాత ఇస్తే కార్డులో ఉన్న రేటు. ఏజెంట్ల కమిషన్ వసూలు మీదికి మార్చాం. ఒక ఏజెంటు మానేశాడు, ఇంకొకరు నిలబడ్డారు. నాటక బృందం పాత బిల్లు రద్దు చేసి, దానికి బదులు ఒక పావు పేజీ ఉచితంగా ఇచ్చారు. భాగస్వామి ఇష్టపడి చేసిన పని కాదది.

ఈ కేసులో నేను నేర్చుకున్నవి, తేలనివి

తేదీ బిగిస్తే సంపాదకురాలికి స్వేచ్ఛ వస్తుందని నేను ముందుగా ఊహించలేదు. ఆసుపత్రి వాహనాల నిలుపుదల మీద పాఠకులు రాసిన ఫిర్యాదు ఉత్తరం వేయవద్దని ఆ ఆసుపత్రి ఒత్తిడి తెచ్చింది, ప్రకటన ఆపేస్తామంది. మునుపటి పద్ధతిలో అయితే ఆ పేజీ ఖాళీ చూసి పత్రిక ఆగిపోయేది, ఉత్తరం పక్కకు పోయేది. ఇప్పుడు ఆ నెల 24 పేజీలు చేసి, ఉత్తరమూ ఆసుపత్రి జవాబూ పక్కపక్కన వేశారు. ఆసుపత్రి కొన్ని నెలలు దూరంగా ఉండి తిరిగి వచ్చింది.

అందరికీ ఇదే మందు అనను. చందాల మీద నడిచే సాహిత్య పత్రికకు తేదీ ఇంత ప్రాణం కాదు, దాని పాఠకుడు నెల ఆగగలడు. 16 పేజీల పత్రికకు తగ్గించడానికి పేజీలే ఉండవు. ఊళ్లో ప్రకటన ఇవ్వగలవాళ్లే పట్టుమని పదిమంది లేకపోతే, సంచిక ఎంత వేళకు వచ్చినా లెక్క కుదరదు. అక్కడ రెండు నెలలకొకసారి వేయడం గురించి ఆలోచించాలి.

ఇక్కడ కూడా అన్నీ తేలలేదు. ప్రెస్సు బిల్లు, విలేఖరి జీతం వేళకు వెళ్తున్నాయి. రచయితలకు ఇప్పటికీ ఏమీ ఇవ్వడం లేదు, సంపాదకురాలు కూడా తీసుకోవడం లేదు. పాత బాకీల్లో మూడో వంతు రాదని రాసేసుకున్నారు. ముందే డబ్బు ఇచ్చేవాళ్లు పెరిగితే మొదట రచయితలకు ఇవ్వాలా, 24 పేజీల నెలల్లోనూ మరో విలేఖరిని పెట్టుకోవాలా అన్న దాని మీద భాగస్వాములిద్దరికీ మాట కలవలేదు. నన్నడిగితే రచయితలకే ముందు ఇవ్వమన్నాను. నిల్వ పెట్టెలో మంచి రాతలు ఉన్నంత కాలమే 21వ తేదీ సాయంత్రం ఫైళ్లు వెళ్తాయి, ఉచితంగా రాసేవాళ్ల ఓపిక ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు. భాగస్వామి ఇంకా ఒప్పుకోలేదు.